ఇంటి ఇంక్యుబేటర్‌లో బాతు గుడ్లు: పిల్లలు రాకపోతే ఎక్కడ చూడాలి

నా మొదటి విడతలో 20 గుడ్లు పెడితే 3 పిల్లలు వచ్చాయి. మిగిలిన 17 గుడ్లను కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వబోతుంటే, ఫోన్‌లో అమ్మమ్మ అడిగింది: "పగలగొట్టి చూసినవా బిడ్డా?" చూడలేదు. ఆ సాయంత్రం డాబా మీద పాత పేపర్లు పరిచి, మాస్క్ పెట్టుకుని ఒక్కొక్కటే పగలగొట్టాను. వాసన సంగతి వదిలేయండి. 11 గుడ్లలో అసలు పిండమే లేదు. 2 గుడ్లలో సన్నటి రక్తపు గీత గుండ్రంగా ఉంది. 4 గుడ్లలో నిండుగా తయారైన పిల్లలు, ఎండిన పొరకు అతుక్కుని, ముక్కు బయటికి పెట్టి చనిపోయి ఉన్నాయి.

అంతవరకు "ఇంక్యుబేటర్ మంచిది కాదు" అని అందరికీ చెబుతూ తిరిగాను. నిజానికి నాకు జరిగినవి మూడు వేరువేరు నష్టాలు. మొదటిది కొనేటప్పుడే అయిపోయింది, రెండోది మొదటి వారంలో, మూడోది ఆఖరి రెండు రోజుల్లో, నా చేతులతోనే.

కాబట్టి మీకు ఇప్పటికే ఒక విడత పోయి ఉంటే, కొత్త గుడ్ల కోసం వెతికే ముందు పాత గుడ్లు పగలగొట్టండి. ఇంట్లో వద్దు, బయట. కుళ్లిన గుడ్డు లోపల గ్యాస్ పట్టి, ముట్టుకోగానే పేలుతుంది కూడా. లోపల ఏముందో బట్టి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

పచ్చసొన మామూలుగా ఉండి రక్తం జాడే లేకపోతే, ఆ గుడ్డుకు మగబాతు కలవలేదు, లేదా చాలా రోజులు నిల్వ ఉన్న గుడ్డు. రక్తపు వలయం ఉంటే మొదటి కొద్ది రోజుల్లోనే పిండం పోయింది: నిల్వ సరిగా లేకపోవడం, దారిలో కుదుపులు, లేదా మొదట్లోనే వేడి ఎక్కువ కావడం. పిల్ల నిండుగా పెరిగి ఉబ్బి, చుట్టూ నీళ్లు నీళ్లుగా ఉంటే తేమ ఎక్కువైంది. నిండుగా పెరిగి, పొర జిగురుగానో తోలులాగానో పట్టేసి ఉంటే ఆఖర్లో తేమ చాల్లేదు. కుళ్లు కంపు కొడితే గుడ్డు మురికిగా ఉన్నప్పుడే పెట్టారు. ఇక పిల్లలు 26వ రోజుకే బయటపడుతుంటే వేడి ఎక్కువ, 30 దాటినా రాకపోతే తక్కువ.

గుడ్లు ఎక్కడివి

హైదరాబాద్‌లో కోడి గుడ్ల మీద సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లు తయారైందే మన రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థలో. కానీ అదే సంస్థ బాతుల మీద చేసే పని భువనేశ్వర్ కేంద్రంలో జరుగుతుంది. ఊళ్లో ఎవరిని అడిగినా మీకు దొరికేవి కోడి లెక్కలే: 21 రోజులు, 18వ రోజున తిప్పడం ఆపాలి, కోడి గుడ్లకిచ్చే తేమే చాలు. అవే లెక్కలతో బాతు గుడ్డు పెడితే మునిగినట్టే. ఖాకీ క్యాంప్‌బెల్, పెకిన్, ఇండియన్ రన్నర్, మన నాటు బాతులు, వీటన్నిటికీ 28 రోజులు. మస్కోవీ ఒక్కదానికి 35. ఇక్కడ నేను చెప్పే రోజుల లెక్కలన్నీ 28 రోజుల బాతులవే. గుడ్లు ఏ బాతువో అడక్కుండా తెచ్చుకుంటే, 28వ రోజు దాటాక మీరు పడే టెన్షన్ మాటల్లో చెప్పలేం.

తినడానికి అమ్మే బాతు గుడ్లు పొదగడానికి పెట్టొద్దు. గుడ్ల కోసమే పెంచే మందల్లో మగబాతులు తక్కువ ఉంటాయి, గుడ్లు ఎన్ని రోజులవో చెప్పేవాళ్లుండరు. నా 11 ఖాళీ గుడ్లు అలా వచ్చినవే. అమ్మినాయన "అన్నీ పిల్లల గుడ్లే సార్" అన్నాడు, నేను నమ్మాను. ఇప్పుడు నల్గొండ వైపు కోతలైన పొలాల్లో బాతులు మేపేవాళ్ల దగ్గరికే వెళ్తాను. మంద చూస్తాను. ఐదారు ఆడబాతులకు ఒక మగబాతైనా ఉందా లెక్కపెడతాను. బాతులు తెల్లవారుజామునే గుడ్లు పెడతాయి కాబట్టి పొద్దున్నే వెళ్తే ఆనాటివే దొరుకుతాయి.

బాతుకు బురదంటే ప్రాణం, అందుకే గుడ్లు మురికిగా ఉంటాయి. కడిగేయాలనిపిస్తుంది. కడిగితే పెంకు మీది సహజమైన పూత పోయి, లోపలికి క్రిములు వెళ్లడం ఇంకా తేలికవుతుంది. శుభ్రమైనవి ఏరుకోండి. కొంచెం మట్టి ఉంటే ఆరాక పొడిగుడ్డతో తుడవండి. తప్పనిసరై కడగాల్సి వస్తే గుడ్డు కన్నా కాస్త వెచ్చగా ఉన్న నీళ్లతోనే. చల్లటి నీళ్లు పోస్తే లోపలి పదార్థం ముడుచుకుని, బయటి మురికి నీటిని రంధ్రాల్లోంచి లోపలికి లాగుతుంది.

తెచ్చిన గుడ్లు వారం లోపు పెట్టేయాలి, నాలుగైదు రోజుల్లో అయితే మరీ మంచిది. నిల్వకు 13 నుంచి 16 డిగ్రీలు కావాలి. ఇంటి ఫ్రిజ్ అంతకన్నా బాగా చల్లన, ఏప్రిల్‌లో గది అంతకన్నా బాగా వేడి. మట్టి కుండను తడి ఇసుకలో కూర్చోబెట్టి, అందులో గుడ్లు మొనదేలిన వైపు కిందికి ఉండేలా పెట్టి, పైన తడి గోనె కప్పితే చాలావరకు పని జరుగుతుంది. బస్సులో కుదుపులతో వచ్చిన గుడ్లను ఒక రాత్రి కదపకుండా ఉంచాకే పెట్టెలోకి.

పెట్టె చెప్పే అంకెను నమ్మే ముందు

ఇంక్యుబేటర్ ముందు ఎర్రగా వెలిగే 37.5 అనేది ఆ సెన్సర్ ఉన్న మూలలో వేడి. గుడ్ల దగ్గర ఎంతో దానికి తెలియదు. అందుకే గుడ్లు పెట్టే ముందు ఒక రోజంతా ఖాళీ పెట్టెను నడపండి.

స్టీల్ మొన ఉన్న విడి థర్మామీటర్ ఒకటి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను దొరుకుతుంది. దాన్ని సరిచూసుకోవడానికి మీ ఇంట్లోనే జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది, అది సరిగ్గా మనకు కావాల్సిన వేడి దగ్గరే బాగా పనిచేస్తుంది. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు మొనలూ పక్కపక్కన ముంచి చూడండి. తేడా ఎంతుందో కాగితం మీద రాసి పెట్టెకు అంటించండి. తర్వాత ఆ స్టీల్ మొనను గుడ్ల ఎత్తులో, పెట్టె నాలుగు మూలల్లో, మధ్యలో పెట్టి చూడండి. నా పెట్టెలో ఫ్యాన్ దగ్గరికీ ఎదుటి మూలకీ 1 డిగ్రీ తేడా వచ్చింది. అందుకే గుడ్లు తిప్పేటప్పుడు మూలవి మధ్యకు, మధ్యవి మూలకు మారుస్తాను.

ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాన్ లేని థర్మోకోల్ పెట్టెలో గుడ్ల పై అంచు దగ్గర 38.5 దాకా ఉండాలి, ఎందుకంటే అక్కడ వేడి పైన నిలిచిపోతుంది, గుడ్డు అడుగు చల్లగానే ఉంటుంది.

తేమ మీటర్‌కు ఇంకో పరీక్ష. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలుగా కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటర్‌ను ఒకే జిప్ కవర్లో పెట్టి మూసి, రాత్రంతా వదిలేయండి. పొద్దునకు 75 శాతం చూపించాలి. నాది 64 చూపించింది. అంటే నేను 55 అనుకుంటూ నడిపిన రోజుల్లో లోపల 66 దాకా ఉందన్నమాట.

పెట్టె ఎక్కడ పెట్టాలి

ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లార్చడం తెలియదు. ఈ ఒక్క మాట నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మే నెలలో పై అంతస్తు గదిలో, స్లాబ్ కింద మధ్యాహ్నం 38, 39 డిగ్రీలు ఉంటుంది. దానికి తోడు రెండో వారం దాటాక లోపలి పిల్లలు కూడా సొంతంగా వేడి పుట్టిస్తాయి. హీటర్ ఆగిపోయి ఉంటుంది, పెట్టె మాత్రం 39.5 చూపిస్తుంది. నా రెండో విడత అలా ఒక్క మధ్యాహ్నంలో పోయింది, నేను ఆఫీసులో ఉన్నాను.

అందుకని ఎండాకాలంలో పెట్టొద్దనే చెబుతాను. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. తప్పదంటే కింది అంతస్తులో, ఎండ తగలని గదిలో పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, వంటగది, కిటికీ పక్క వద్దు.

తేమ: అసలు గొడవంతా ఇక్కడే

బాతు గుడ్డుకు మొదటి 25 రోజులు 55 నుంచి 60 శాతం, ఆ తర్వాత 70 నుంచి 75 శాతం తేమ కావాలి. వినడానికి తేలికే. కానీ ఊరి తేమ వేరు, పెట్టె తేమ వేరు. గాలి వేడెక్కితే అందులో తేమ శాతం పడిపోతుంది. ఆగస్టులో బయట 26 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్నా, అదే గాలి పెట్టెలో 37.5కి వేడెక్కేసరికి 45 శాతం దగ్గరికి దిగుతుంది. డిసెంబర్‌లో 20 డిగ్రీలు, 55 శాతం ఉన్న గాలి లోపలికి వెళ్లి 20 శాతమే మిగులుతుంది. చలికాలం గాలి చల్లగా ఉంది కదా, నీళ్లు ఎందుకులే అనుకుంటే గుడ్లు ఒరుగుల్లా ఎండిపోతాయి. అదే వానాకాలంలో కోడి గుడ్లకు పోసినట్టు పెట్టె అడుగున నీళ్లకు ఉండే రెండు కాలువలూ నింపితే పిల్లలు నీళ్లలో మునుగుతాయి.

ఇంకొకటి. నీళ్ల లోతు పెంచితే తేమ పెరగదు, నీళ్ల వెడల్పు పెరిగితే పెరుగుతుంది. చలికాలంలో కాలువ నింపినా 40 దాటకపోతే, వెడల్పు పళ్లెం పెట్టండి, లేదా నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టండి. మన బోరు నీళ్లకు స్పాంజి వారంలో సున్నం పట్టి గట్టిపడుతుంది, మార్చేయండి. తేమ తగ్గించాలంటే మూత తెరవకండి. నీళ్ల పళ్లెం చిన్నది చేయండి, గాలి రంధ్రం ఇంకొంచెం తెరవండి. గాలి రంధ్రాలు పూర్తిగా మూసి తేమ నిలబెట్టాలనుకోవడం ఇంకో తప్పు, లోపలి పిల్లకు ఊపిరి కావాలి.

ఇంత చెప్పాక కూడా, మీటర్ కన్నా నేను నమ్మేది వంటింటి తూకం. గుడ్డు పొదగబడే కొద్దీ నీరు ఆవిరై బరువు తగ్గుతుంది, ఆ ఖాళీలో గాలి అర, అంటే వెడల్పు వైపు పెంకు కింద గాలి ఉండే చోటు, పెరుగుతుంది. 25వ రోజుకు మొదటి బరువులో సుమారు 13 శాతం తగ్గాలి. 70 గ్రాముల గుడ్డు 61 గ్రాములకు రావాలన్నమాట. 12 గుడ్లు కలిపి 840 గ్రాములైతే, 7వ రోజుకు 30 గ్రాములు, 14వ రోజుకు 60 గ్రాములు, 25వ రోజుకు 110 గ్రాములు తగ్గి ఉండాలి. వారానికోసారి తూచండి. తగ్గుదల ఎక్కువుంటే నీళ్లు పెంచండి, తక్కువుంటే తగ్గించండి. మధ్యలో పాడైన గుడ్లు తీసేస్తారు కాబట్టి, మొదటి రోజే ప్రతి గుడ్డు బరువు దాని మీదే పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను, మార్కర్ వద్దు.

తిప్పడం, చల్లార్చడం

ఆటోమేటిక్‌గా తిప్పే ట్రేలు ఎక్కువగా కోడి గుడ్డు కొలతకు చేసినవి. బాతు గుడ్డు అందులో ఇరుక్కుని మోటారు ఆగిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. కొనేటప్పుడే ఒక బాతు గుడ్డు జేబులో పెట్టుకెళ్లండి. సరిపడకపోతే చేత్తో తిప్పండి. ఒక పక్క ఇంటూ, ఇంకో పక్క సున్నా గుర్తు పెట్టి, రోజుకు 3 లేదా 5 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి పొడుగ్గా ఒకే పక్కన పడుకునే వైపు రోజూ మారుతుంది. 25వ రోజు దాకా ఇదే పని.

చల్లార్చడం అమ్మమ్మ నేర్పింది. మిర్యాలగూడ దగ్గర వాళ్ల ఊళ్లో బాతు గుడ్లను నాటుకోడి కిందే పెట్టేవాళ్లు, గంపలో ఊక పోసి, ఒక కోడికి ఐదారు గుడ్లు. కోడి మేతకు లేచి వెళ్లినప్పుడు గుడ్ల మీద చేత్తో నీళ్లు చిలకరించేది. "బాతు తడిసి వచ్చి కూసుంటది, కోడికేం తెలుసు" అనేది. మీరు 8వ రోజు నుంచి 24వ రోజు దాకా, రోజుకోసారి మూత తీసి పది పదిహేను నిమిషాలు వదిలి, కాచి చల్లార్చిన నీళ్లను గోరువెచ్చగా చేసి స్ప్రేతో సన్నగా చల్లి మూసేయండి. గుడ్డును కనురెప్పకు ఆనిస్తే వేడీ చలీ తెలియకూడదు, తగినంత చల్లారిందనడానికి అదే గుర్తు. ఇలా చేయకుండా కూడా పిల్లలు తీసినవాళ్లున్నారు. నేను మాత్రం మానను.

టార్చ్ పెట్టి చూడటం

7వ రోజు రాత్రి లైట్లు తీసి, ఫోన్ టార్చ్ మీద నల్లగుడ్డ చుట్టి చిన్న కన్నం ఉంచి, గుడ్డు వెడల్పు వైపు ఆనించండి. సాలీడు కాళ్లలా రక్తనాళాలు, మధ్యలో నల్ల చుక్క కనిపిస్తే బతికినట్టే. ఏమీ లేకపోతే తీసేయండి. రక్తపు వలయం ఉంటే కూడా. అనుమానం ఉంటే 10వ రోజు మళ్లీ చూడండి, తొందర లేదు. 14వ రోజుకు సగానికి పైగా నలుపు, కదలిక. వాసన వచ్చిన గుడ్డును ఒక్క పూట కూడా లోపల ఉంచొద్దు. అది పేలితే పక్క గుడ్లన్నిటికీ అంటుతుంది.

కరెంటు పోతే

ఏప్రిల్, మే ఈదురుగాలులకు గంటా రెండు గంటలు పోవడం మామూలే. ఇన్వర్టర్ లైన్ మీదున్న ప్లగ్గులోనే పెట్టెను పెట్టండి, చిన్న పెట్టె తినే కరెంటు బల్బు లెక్కే. ఇన్వర్టర్ లేకపోతే మూత తెరవకుండా దుప్పటి కప్పి, చలికాలమైతే పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టండి. కాసేపు చల్లబడితే పిండం తట్టుకుంటుంది, కాసేపు 40 దాటితే తట్టుకోదు. కరెంటు పోయింది కదా అని గుడ్లు పారేయకండి, నాలుగు రోజులాగి టార్చ్ పెట్టి చూడండి.

25వ రోజు నుంచి

ఆదివారం సాయంత్రం పెట్టారనుకోండి. సరిగ్గా నాలుగో ఆదివారానికి 28 రోజులు, దానికి ముందు గురువారం 25వ రోజు. ఆ గురువారం తిప్పడం ఆపేయాలి. చివరిసారి టార్చ్ పెట్టి చూడండి: గాలి అర గుడ్డులో మూడో వంతు దాకా, ఒక పక్కకు వాలి ఉండాలి. ట్రే తీసి, కాలు జారని రబ్బర్ మ్యాట్ గానీ గోనె గుడ్డ గానీ పరిచి గుడ్లను పక్కకు పడుకోబెట్టండి. తేమ 70 దాటించండి, గాలి రంధ్రం ఇంకొంచెం తెరవండి, మూత వేయండి. ఇక ముట్టుకోవద్దు.

ఇక్కడే నా నాలుగు పిల్లలు పోయాయి. ఏమైందంటే, పెంకు మీద నక్షత్రంలా చిన్న నెర్రె పడింది. ఇంటిల్లిపాదీ చేరాం. పక్కింటి ఆంటీ పిల్లల్ని తీసుకొచ్చి చూపించింది. అరగంటకోసారి మూత తీయడం, ఫోటో, మళ్లీ మూయడం. తీసిన ప్రతిసారీ తేమ ఒక్కసారిగా పడిపోయి, నెర్రె దగ్గర పొర ఆరి, ముక్కుకు అతుక్కుపోయింది. పిల్ల తిరగలేకపోయింది.

బాతుపిల్ల కోడిపిల్లలా గబగబా బయటికి రాదు. ముందు లోపల గాలి అరలోకి ముక్కు పెడుతుంది, అప్పుడు లోపలి నుంచే కీచుమంటుంది. ఆ తర్వాత ఒక రోజుకు పెంకుకు నెర్రె పడుతుంది. నెర్రె పడ్డాక 24 గంటలు, ఒక్కోసారి 48 గంటలు కదలకుండా ఉంటుంది. చచ్చిపోయిందనుకుంటాం. అది పడుకున్నది ఊరికే కాదు, పొరలోని రక్తాన్ని, మిగిలిన పచ్చసొనను ఒంట్లోకి లాక్కుంటోంది. అది కాకముందే మీరు పెంకు వలిస్తే రక్తం కారుతుంది, ఆగదు. సిద్ధమయ్యాక అదే పెంకు చుట్టూ గుండ్రంగా కోసుకుంటూ కొన్ని గంటల్లో వచ్చేస్తుంది.

మరి ఎప్పుడు సాయం చేయాలి? నెర్రె పడి 48 గంటలు దాటినా ముందుకు కదలకపోతే, పొర గోధుమ రంగులో తోలులా కనిపిస్తే అప్పుడు. చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్లలో ముంచిన ఇయర్‌బడ్‌తో పొర తడపండి, ముక్కు రంధ్రాలకు నీళ్లు తగలకుండా. గాలి అర మీదున్న పెంకు మాత్రం చిన్న ముక్కలుగా తీయండి. ఎక్కడైనా రక్తం చుక్క కనిపిస్తే వెంటనే ఆపి, గుడ్డును లోపల పెట్టి ఐదారు గంటలు వదిలేయండి. పిల్లను మీరు బయటికి లాగొద్దు, ఆఖరి తోపు అదే తోయాలి.

వచ్చిన పిల్లలు ఆరేదాకా లోపలే ఉండనివ్వండి. ఒంట్లో పచ్చసొన ఉంటుంది కాబట్టి ఒక రోజు తిండి లేకపోయినా ఫర్వాలేదు. తర్వాత 32 డిగ్రీల వెచ్చదనం ఉన్న అట్టపెట్టెలోకి మార్చండి. అడుగున పేపర్ వద్దు, జారి కాళ్లు పక్కలకు విడిపోతాయి, గోనె పరవండి. నీళ్ల గిన్నె ముక్కు మునిగేంత లోతు ఉండాలి, పిల్ల మునిగేంత ఉండకూడదు. గులకరాళ్లు వేస్తే సరి. టబ్బులో ఈత కొట్టించి వీడియో తీయాలని పిల్లలు గొడవ చేస్తారు. తల్లి లేని పిల్లకు ఈకల మీద నూనె పూత ఉండదు, తడిసి వణికి పోతుంది. కొన్ని వారాలాగమనండి.

మిగిలిన గుడ్లను 30వ రోజు దాటేదాకా ఉంచి, అప్పుడు స్విచ్ ఆపండి. ఈసారి కూడా డాబా మీద పేపర్ పరిచి ఒక్కొక్కటే పగలగొట్టి, ఏది ఏ రోజున పోయిందో రాసుకోండి. నా మూడో విడతలో 14 పెడితే 9 వచ్చాయి, మిగిలిన ఐదింటిలో మూడు మళ్లీ ఖాళీవే. ఆ మంద వాళ్లను ఈసారి మగబాతుల సంగతి గట్టిగా అడగాలి. పెట్టెలో ఫ్యాన్ రెక్కల సందుల్లో నూగు ఇరుక్కుని ఉంటుంది, పాత టూత్ బ్రష్‌తో తీసి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, మూత తెరిచి ఒక రోజంతా ఎండలో పెట్టండి.